ద్రాక్షతోటల డొంకలను వెడల్పు చేయవద్దు

సంపాదకుల వారికి నమస్కారాలు.

మీ ఆదివారం అనుబంధంలో పల్లెల మీదుగా, ద్రాక్షతోటల నడుమ సాగే సైకిలు దారుల గురించి వచ్చిన వ్యాసాన్ని ఇష్టంగా చదివాను. ఫొటోలు బాగున్నాయి. రాసినవారికి సైకిలు మీద ఎంత మక్కువో ప్రతి పేరాలోనూ తెలుస్తూనే ఉంది. అయితే ఆ దారులను వెడల్పు చేసి, నున్నగా తారు పోసి, ఒకే పేరు పెట్టి పెద్దఎత్తున ప్రచారం చేస్తే ఇంకా వేలమంది వస్తారని వ్యాసం చివర చేసిన సూచన చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. ఎన్నో ఏళ్లుగా ఇలాంటి దారులు పట్టి తిరుగుతున్న నాకు అర్థమైనంతవరకు, అవి ఇరుకుగా, వంకరటింకరగా, ఎవరినీ ఎక్కడికీ త్వరగా చేర్చకుండా ఉన్నందువల్లనే ప్రశాంతంగా ఉన్నాయి. బాగుచేయాలన్న తొందరలో ఆ ఇరుకునే తీసేస్తే అక్కడ మరొక మామూలు రోడ్డు మిగులుతుంది, అంతే.

ప్రశాంతమైన దారి అనగానే చప్పుడు లేని దారి అనుకుంటాం కాని, పల్లెలో చప్పుడు లేకపోవడం ఎక్కడిది? కుక్కలుంటాయి, ట్రాక్టర్లుంటాయి, తోటలో పనివాళ్ల కేకలుంటాయి. వాటివల్ల సైకిలువాడికి ఏ ఇబ్బందీ లేదు. అతణ్ని బెదరగొట్టేది వెనకనుంచి వేగం తగ్గించకుండా వచ్చే కారు ఒక్కటే. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2000 నాటి రవాణా చట్టం ఇలాంటి పల్లె దారులను 'క్వయెట్ లేన్లు'గా ప్రకటించే అధికారాన్ని స్థానిక సంస్థలకు ఇచ్చింది. రోజుకు 1,000 వాహనాల లోపు తిరిగే దారులే అందుకు తగినవని అక్కడి మార్గదర్శకాలు చెప్పాయి. వెయ్యి అంటే తక్కువే అనిపిస్తుంది. పన్నెండు గంటల పగటికి పంచి చూడండి, గంటకు 80కి పైగా, అంటే ముప్పావు నిమిషానికొక వాహనం. కనుక లెక్క ఒక్కటే చాలదు, ఆ వచ్చే వాహనం ఎంత వేగంతో వస్తుంది, సైకిలును ఎలా దాటుతుంది అన్నవి చూడాలి.

ఇక్కడే దారి వెడల్పు సంగతి వస్తుంది. మూడు మీటర్ల దారిని తీసుకుందాం. మామూలు కారు, అద్దాలు వదిలేస్తే, సుమారు 1.8 మీటర్ల వెడల్పు ఉంటుంది. సైకిలు తొక్కే మనిషికి మరో 0.6 మీటర్లు కావాలి. ఫ్రాన్స్‌లో ఊరి బయట సైకిలును దాటే కారు కనీసం 1.5 మీటర్ల ఎడం ఉంచాలి. జర్మనీలో 2020 నుంచి ఊళ్ల బయట ఆ ఎడం 2 మీటర్లు. ఫ్రాన్సు అంకెనే తీసుకుని కూడినా 3.9 మీటర్లు తేలుతుంది. అంటే మూడు మీటర్ల దారిలో చట్టప్రకారం సైకిలును దాటడమే కుదరదు. కారు వెనకాలే మెల్లగా రావాలి, లేదా సైకిలువాడు ఏ తోట గేటు దగ్గరో పక్కకు దిగి దారి ఇవ్వాలి. ఎలా జరిగినా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, చాలాసార్లు పలకరింపుగా చెయ్యి కూడా ఊపుతారు. అదే దారిని ఐదున్నర మీటర్లు చేశారనుకోండి, కారుకు ఆగవలసిన అవసరమే రాదు, పైగా ఇటు వెళితే రెండు నిమిషాలు కలిసొస్తాయని ఫోనులోని పటం ఒకసారి కనిపెట్టిందంటే పెద్ద రోడ్డు మీద పోవలసిన బళ్లన్నీ ఈ డొంకలోకి తిరుగుతాయి. సైకిళ్ల కోసం వేసిన తారు మీద సైకిళ్లకే చోటుండదు.

మీ వ్యాసం గమనించని ఇంకొక సంగతి ఉంది. పేరుపొందిన ద్రాక్షతోటల దారి ఏది తీసుకున్నా దాని పక్కనే ఒక రద్దీ రోడ్డు ఉంటుంది. ఫ్రాన్స్‌లోని బర్గండీలో బోన్ పట్టణం నుంచి శాంత్‌నే వరకు సుమారు 22 కిలోమీటర్ల సైకిలు దారి ఉంది. పొమ్మార్, వొల్నే, మెర్సో, పులిన్యీ ఊళ్ల మీదుగా, 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన తోటల మధ్యగా పోతుంది. దాన్ని సైకిళ్ల కోసం కొత్తగా వేశారనుకుంటే పొరపాటు. అందులో చాలా భాగం తోటల్లోకి ట్రాక్టర్లు వెళ్లే బాటలే, వాటికి దిక్కు చూపే పలకలు తగిలించారు. ఊరి నుంచి ఊరికి పనిమీద వెళ్లేవారంతా కింద మైదానంలోని పెద్ద రోడ్డు పట్టుకుని పోతారు కాబట్టి వాలు మీది బాట ఖాళీగా మిగిలింది. ఫ్రాన్స్‌లోనే ఉన్న ఆల్సాస్‌లోనూ ఇదే తీరు. అక్కడ 1953లో ప్రారంభించిన ద్రాక్షసారా రహదారి కార్లవారిది, మార్లెన్‌హైమ్ నుంచి తాన్ వరకు దాదాపు 135 కిలోమీటర్ల సైకిలు దారి వేరు. రెండూ ఒకే ఊళ్లను ముడివేస్తాయి కాని వీలైన ప్రతిచోటా రెండోది తోటల్లోకి తప్పుకుంటుంది. పెద్ద రోడ్డు లేని చోట డొంకే పెద్ద రోడ్డవుతుంది. కొత్త సైకిలు మార్గం గీయాలనుకునేవారు ముందుగా ఆ చుట్టుపక్కల బళ్లన్నీ ఎటు పోతున్నాయో చూసుకోవాలి.

నున్నటి తారు గురించి ఒక అనుభవం చెప్పాలి. ఆ బర్గండీ వాలు మీదే, వాన వెలిసిన మధ్యాహ్నం, కాంక్రీటు పోసిన నిటారు బాటలో గంటకు 30 కిలోమీటర్లకు పైన వేగంతో దిగుతున్నాను. అలాంటి బాటలకు అడ్డంగా, కాస్త ఏటవాలుగా, అరచేతి వెడల్పున కాలువలు ఉంటాయి. వాన నీరు బాట పొడవునా పరుగెత్తి కింది తోటను కోసేయకుండా పక్కకు మళ్లించడం వాటి పని. నా సైకిలు టైర్లు అప్పట్లో 25 మిల్లీమీటర్లవి. ముందు చక్రం ఆ కాలువ వాలును పట్టుకుని పక్కకు లాగింది, మోచెయ్యి గీసుకుంటూ గోడవారన పడ్డాను. దగ్గరలో తీగలకు కట్లు కడుతున్న ఇద్దరు పనివాళ్లు వచ్చి నన్ను లేపారు. వారిలో పెద్దాయన నా మోచేతిని పెద్దగా పట్టించుకోలేదు, కాలువలోకి వంగి నా చక్రం తన్నగా పడిన ఒండ్రును చేత్తో తీసి అవతల పోశాడు, అది పూడితే నీళ్లు ఎటు పోతాయో చేతులు తిప్పి చూపించాడు. వాలు తోటల్లో కొట్టుకుపోయిన మన్నును ఒకప్పుడు బుట్టలతో మళ్లీ పైకి మోసుకెళ్లి పోసేవారు. ఆ కాలువ విలువ ఆయనకు తెలిసినట్టు నాకెలా తెలుస్తుంది? తప్పు పూర్తిగా నాదే. ఆ తరువాత 32 మిల్లీమీటర్ల టైర్లు వేయించుకుని, గాలి కాస్త తగ్గించి, అలాంటి కాలువలను ఏటవాలుగా కాక సూటిగా అడ్డంగా దాటడం అలవాటు చేసుకున్నాను. సైకిళ్ల సౌకర్యం కోసం ఆ కాలువలు పూడ్చి తారు పరిస్తే ఒక్క గట్టి వానకు తోట మన్నంతా రోడ్డు మీదకు వస్తుంది, దాని మీద జారిపడేది మళ్లీ మనమే.

అన్ని వాలులూ ఎక్కవలసినవీ కావు. జర్మనీలో మోజెల్ నది ఒడ్డున బ్రెమ్ అనే ఊరి దగ్గర కాల్మోంట్ కొండ వాలు 60 డిగ్రీలకు పైనే ఉంటుంది, అయినా దాని మీద ద్రాక్ష పండిస్తారు. ఆ లోయలోని కొన్ని నిలువు తోటల్లో పనివాళ్లు ఒంటి రైలు పట్టా మీద నడిచే చిన్న బండి ఎక్కి పైకి పోతారు. సైకిలు దారి బుద్ధిగా నది వెంట సాగుతుంది. పైకి చూసి దండం పెట్టి ముందుకు పోవడమే మనం చేయగలిగింది.

తెల్లవారుజామున బయలుదేరితే బాగుంటుందని మీ వ్యాసకర్త సలహా ఇచ్చారు. వెలుగు విషయంలో ఆయన చెప్పింది నిజమే. కాని గాలి కదలని ఆ గంటలే రైతు తోటకు తెగుళ్ల మందు చల్లుకునే గంటలు కూడా. ద్రాక్షకు బూజు తెగులు, బూడిద తెగులు అనే రెండు బెడదలు ఉన్నాయి. చిగురు వేసిన నాటి నుంచి కాయ రంగు తిరిగేదాకా రైతు వాటితో పోరాడుతూనే ఉంటాడు. ఈ మందు కథ పుట్టింది కూడా దారి పక్కనే. 1882లో ఫ్రాన్స్‌లోని బోర్డో దగ్గరి మెడోక్ తోటల్లో పియేర్ మిల్లార్దే అనే వృక్షశాస్త్రవేత్త ఒక వింత గమనించాడు. తోటంతా బూజు తెగులుతో ఆకులు రాలిపోతుంటే రోడ్డు వారగా ఉన్న వరుసలు మాత్రం పచ్చగా నిలబడ్డాయి. ఆరా తీస్తే, దారిన పోయేవారు గుత్తులు కోసుకోకుండా రైతులు ఆ వరుసల మీద మైలుతుత్తం, సున్నం కలిపి చల్లారని తేలింది. ఆకుల మీద ఆ నీలి మరకలు చూసి విషమనుకుని ఎవరూ ముట్టుకోరని వారి ఉపాయం. మిల్లార్దే ప్రయోగాలు చేసి 1885లో ప్రకటించిన ఆ మందునే మనం బోర్డో మిశ్రమం అంటున్నాం. ఆ లెక్కన దారిన పోయేవాడి చేతివాటం ద్రాక్ష రైతుకు ఒక మేలు చేసిందనే చెప్పాలి.

నేటికీ దారి పక్క ఆకుల మీద ఆ నీలి పొర కనిపిస్తుంది. గంధకం వాసన వస్తే ఆ వరుసల్లో ఎక్కడో పని జరుగుతోందన్నమాట. బర్గండీలో వరుసకు అటూ ఇటూ కాళ్లు చాచి నిలబడినట్టుండే ఎత్తైన ట్రాక్టరు వస్తుంది, దాని రెక్కల నుంచి మంచులాంటి తుంపర లేస్తుంది. దూరం నుంచి చూసేవాడికి అది పొగమంచు. ఒకసారి నేను అలాగే అనుకుని అందులోనుంచి తొక్కాను, ఆ రోజంతా కళ్లు మండాయి. అప్పటి నుంచి అలాంటి ట్రాక్టరు కనబడితే గాలి వచ్చే దిక్కుకు తప్పుకుని ఆగుతున్నాను, వరుస చివర తిరిగేటప్పుడు నడిపేవాడు పిచికారీ ఆపుతాడు, ఆ సందులో దాటుతున్నాను. మందు కొట్టిన తోటలోకి కొన్ని గంటలు, ఒక్కొక్క మందుకైతే రోజుల తరబడి, పనివాళ్లు కూడా అడుగుపెట్టకూడదన్న నియమం ఉంటుంది. నీడ బాగుందని ఆ వరుసల్లో దుప్పటి పరుచుకుని కూర్చునేవారికి ఎవరో ఒకరు ఈ మాట చెప్పాలి కదా.

కోతల కాలం గురించి కూడా వ్యాసంలో రంగుల వర్ణన తప్ప మరొకటి లేదు. యూరప్‌లో సెప్టెంబరు, అక్టోబరుల్లో, భూమికి దక్షిణార్ధంలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కోతలు. పండు పక్వానికి వచ్చాక రైతు చేతిలో ఉండేవి కొద్ది రోజులే. ఆ రోజుల్లో ట్రాలీలు పొద్దస్తమానం తిరుగుతాయి, చక్రాల మట్టి మలుపుల దగ్గర ముద్దలుగా రాలుతుంది, నలిగిన పండ్ల రసానికి దారంతా జిగురై కందిరీగలు ముసురుతాయి. ఇద్దరు ముగ్గురు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ తొక్కడానికి అది సమయం కాదు. ట్రాలీ శబ్దం వినగానే దిగి నిలబడడంలో మనకు పోయేదేమీ లేదు. ద్రాక్షసారా రుచి చూసి మళ్లీ సైకిలెక్కేవారికి ఒక్క ముక్క: ఫ్రాన్స్‌లో లీటరు రక్తానికి 0.5 గ్రాముల మద్యమన్న హద్దు కారు నడిపేవారికెంతో సైకిలు తొక్కేవారికీ అంతే.

ఇక ప్రచారం సంగతి. ఒకే గీత గీసి, దానికొక పేరు పెట్టి, అందరినీ దాని మీదకు పంపిస్తే ఆ గీత మీది ఊళ్లు విసిగిపోతాయి, పక్క ఊళ్లకు ఎవరూ రారు. దీనికి చక్కని మందు బెల్జియంలోని లింబుర్గ్‌లో దొరికింది. హ్యూగో బొల్లెన్ అనే గని ఇంజనీరు, గనిలో సొరంగాలు కలిసే చోట్లకు అంకెలు వేసే పద్ధతిని 1990లలో సైకిలు దారులకు తెచ్చాడు. దారులు కలిసే ప్రతిచోటా ఒక అంకె, అక్కడి నుంచి తరువాతి అంకెలకు బాణాలు. 42, 17, 63, 8 అని ఒక చీటీ మీద రాసుకుంటే చాలు, ఇరవై కిలోమీటర్లో ఎనభై కిలోమీటర్లో ఎవరి చుట్టు వారు తిరిగి వస్తారు. ఆ పద్ధతి తరువాత నెదర్లాండ్స్‌కూ జర్మనీలోని కొన్ని ప్రాంతాలకూ పాకింది. ఇందులో నాకు నచ్చింది ఏమిటంటే, అందరూ ఒకే బాట మీద పడరు, ఒక ముక్కలో కోతలు జరుగుతుంటే ఆ అంకె వదిలేసి మరొకటి పట్టుకోవచ్చు, దీనికంతటికీ కావలసింది పలకలూ మేకులూ తప్ప రోడ్డు రోలర్లు కావు.

ఫోనుల్లోని యాప్‌లు చూపించే ఎర్ర గీతల పటాలను నమ్ముకుని దారి ఎంచుకోమని చెప్పడం కూడా అంత క్షేమం కాదు. ఎక్కువమంది సైకిలు తొక్కిన రోడ్డు అక్కడ ఎర్రగా కనిపిస్తుంది. పందేలకు సాధన చేసేవారు నున్నటి, తిన్నని, పెద్ద రోడ్లనే కోరుకుంటారు. కాబట్టి ఆ ఎరుపు సైకిళ్ల సంఖ్యను చెబుతుంది గాని కార్లు ఎన్నో చెప్పదు. నా మటుకు నేను పటంలో చర్చి శిఖరాలు, ఊరి చెరువులు, ముగింపు లేకుండా మెలికలు తిరిగే సన్న గీతలు వెతుక్కుంటాను.

దారిని దారిగానే ఉంచి కాపాడిన ఉదాహరణ ఇటలీలో ఉంది. టస్కనీ ద్రాక్షతోటల మధ్య తెల్ల కంకర బాటలు ఒక్కొక్కటే తారు కిందకు పోతున్న కాలంలో, 1997లో, కియాంతీలోని గాయోలెలో లెరోయికా అనే పాత సైకిళ్ల యాత్ర మొదలైంది. మొదటి ఏడాది 92 మంది తొక్కారు. ఆ కంకర బాటలు కాపాడుకోవలసినవన్న మాట జనంలోకి వెళ్లింది, 2007 నుంచి ఆ తెల్ల బాటల మీదే, వాటి పేరుతోనే, వృత్తి క్రీడాకారుల పందెం కూడా నడుస్తోంది. యాత్ర జరిగే ఆ ఒక్క వారాంతంలో ఊరు ఊరంతా కిక్కిరిసిపోతుందన్నదీ నిజమే, దాన్ని నేను దాచను. మిగతా రోజుల్లో మాత్రం ఆ బాటల్లో దుమ్ము లేపకుండా పోవాలంటే ఎంతటి కారైనా నెమ్మదించక తప్పదు.

బ్రిటన్‌లో జాతీయ సైకిలు మార్గాలను చూసే, అప్పట్లో సస్ట్రాన్స్ అనే పేరున్న సంస్థ 2020లో మరింత నిజాయితీగల పని చేసింది. రోడ్ల మీద రద్దీ వల్ల ప్రమాదకరంగా ఉన్నాయని తేల్చి, తన మార్గాల్లో దాదాపు నాలుగో వంతును జాతీయ జాబితా నుంచి తప్పించింది, లేదా అనుభవజ్ఞులకు మాత్రమే అని మార్చింది. కిలోమీటర్లు పెంచుకుని చెప్పుకునే రోజుల్లో పటం మీది గీతను చెరపడానికి గుండె ధైర్యం కావాలి.

పిల్లలతో వచ్చేవారికి, కొత్తగా నేర్చుకున్నవారికి నున్నటి, వెడల్పైన బాట అక్కరలేదని నేను అనడం లేదు. దాన్ని వేయడానికి మూతపడిన రైలు మార్గాలు ఉన్నాయి. దక్షిణ ఆస్ట్రేలియాలోని క్లేర్ వ్యాలీలో 1983 నాటి కార్చిచ్చుకు దెబ్బతిని మూతపడిన రైలు మార్గం ఇవాళ ద్రాక్షతోటల మధ్య సాగే రీస్లింగ్ ట్రైల్ అయింది. రైలు ఎక్కగలిగిన వాలు కాబట్టి ఆరేళ్ల పిల్లవాడూ ఎక్కుతాడు, కార్ల బెడద లేదు. వెడల్పు చేసే డబ్బు అలాంటి చోట ఖర్చు పెడితే ఎవరికి అభ్యంతరం?

డొంకలకు కావలసింది చాలా తక్కువ. ఉన్న వెడల్పులోనే అంచులు విరగకుండా చూసుకోవడం, మలుపుల్లో పేరుకున్న కంకర ఊడ్వడం, అడ్డ కాలువకు ముందు ఒక హెచ్చరిక పలక, ఊళ్లో గంటకు 30 కిలోమీటర్ల హద్దు, ఊరివాళ్ల బళ్లకూ వ్యవసాయపు బళ్లకూ తప్ప ఇతరులకు ప్రవేశం లేదన్న పలక. ఈ చివరిది జర్మనీ పొలం బాటల్లో అడుగడుగునా కనిపిస్తుంది, ఖర్చు ఒక గుంజ, ఒక రేకు. తాగునీటి కుళాయి ఉంటే మరీ మంచిది. ఫ్రాన్సు పల్లెల్లో దుకాణం మూసి ఉన్నప్పుడు సైకిలువాళ్లు సీసాలు నింపుకునేది ఎక్కడో తెలుసా? శ్మశానం గేటు దగ్గర, పూలకుండీలకు నీళ్లు పోసే కుళాయి దగ్గర. తాగే నీళ్లా కాదా అని పలక చూసుకుని పట్టుకుంటారు. మొదటిసారి నాకూ మనసొప్పలేదు, రెండోసారికి దప్పికే గెలిచింది.

చివరగా ఒక సవరణ కోరుతున్నాను. మీ అనుబంధంలోని నాలుగో ఫొటోలో సన్నటి బాట మీద ట్రాలీతో ఒక ట్రాక్టరు ఉంది, దాని వెనక ఇద్దరు సైకిలువాళ్లు ఒక కాలు నేల మీద ఆనించి నిలబడి ఉన్నారు. కింద 'దారికి అడ్డంగా ట్రాక్టరు' అని వేశారు. ట్రాలీలో సగం నిండిన గంపలు కనిపిస్తున్నాయి, అంటే ఆ రోజు కోతలు జరుగుతున్నాయి. ఆ బాట వేసింది ఆ ట్రాక్టరు కోసం. వచ్చే సంచికలో ఆ వ్యాఖ్యను సరిచేయగలరని ఆశిస్తున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు